లాకుల రోడ్డు మీద మా భూగోళ పరిషత్తు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ముప్ఫై ఏళ్లు కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పినదాన్ని. రాళ్లు, గాలులు, నదులు తప్ప మరోటి నమ్మని మనిషిని. అయినా ఇది పట్టపగలు నా కళ్లెదుట జరిగింది కాబట్టి రాస్తున్నాను.

దేశమంతటా శాఖలున్న ఒక భూగోళ పరిషత్తుకి విజయవాడ శాఖ కార్యదర్శిని నేను. శాఖంటే గవర్నర్‌పేటలో మేడ మీద గది, గోడ నిండా మ్యాపులు, వేళ్ల మీద లెక్కపెట్టే సభ్యులు. కిందటేడు ఢిల్లీలోని ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా పరిశీలకురాలి ఎదుట ఒక క్షేత్ర పర్యటన సక్రమంగా చేసి చూపించండి, లేకపోతే శాఖ రద్దు అని. రిటైరయ్యాక నాకంటూ మిగిలింది ఆ గదే. దాపరికమెందుకు, ఉత్తరం చదివి ఏడ్చాను.

చల్లపల్లి దాటాక కాలువ లాకుల దగ్గర పదకొండింటికి ఆ పరిశీలకురాలిని కలవాలి. మా అధ్యక్షులు ప్రసాదరావుగారు, నేను, స్కూలు మాస్టారు దావీదుగారు బయల్దేరాం. కారు దావీదుగారిదే, నడిపేదీ ఆయనే. మాకో పట్టింపు ఉంది. పర్యటనలో ఎవరినీ దారి అడగం, ఫోను చూడం. మ్యాపు, దిక్సూచి, అంతే.

“ఫోను చూసుకుని పోయేవాళ్లకి పరిషత్తు ఎందుకండీ?” అంటారు ప్రసాదరావుగారు.

కాలువగట్టు రోడ్డెక్కి తిన్నగా తూర్పుకి పోతున్నాం. ఎడమ పక్క నీలం గేటున్న చిన్న చర్చి కనిపించింది. పది నిమిషాలకి మళ్లీ అదే చర్చి, గేటు మీద ఆరేసిన అదే పసుపు చీర. దిక్సూచి చూస్తే తూర్పే. ఎక్కడా మలుపు తిరగలేదు.

మూడోసారి కూడా కనిపించేసరికి దావీదుగారు కారాపేశారు. “ఈ చుట్టుపక్కల నేనెరగని చర్చి లేదండీ. దీన్ని మాత్రం ఎప్పుడూ చూళ్లేదు.”

“మ్యాపు పాతదై ఉంటుంది,” అన్నారు ప్రసాదరావుగారు, చెమట తుడుచుకుంటూ.

పదకొండు దాటిపోయింది. నా భయం దయ్యం గురించి కాదు, శాఖ పోతుందని. గట్టు మీద చేపలమ్మే ఆవిడ గంప దించుకుని మమ్మల్నే చూస్తోంది. పట్టింపు గంగలో కలిస్తే కలిసిందని నేనే దిగి దారి అడిగాను.

“మూడోసారి గదండీ మీరెళ్లటం! ఈ రోడ్డుకి అప్పుడప్పుడూ తిక్క రేగుద్దండీ. రివర్సులో పోండి, వదిలేసుద్ది.”

“ఛ, పరువు తక్కువ!” అన్నారు ప్రసాదరావుగారు. అంటూనే వెనక్కి తిరిగి కూర్చుని “రానివ్వండి, రానివ్వండి” అని దావీదుగారికి దారి చెప్పారు.

నాలుగు నిమిషాల్లో లాకులొచ్చాయి. లాకులున్నది తూర్పున. మేం పోయింది పడమరకి.

వెనక్కి నడుస్తూ వచ్చిన కారుని పరిశీలకురాలు వంతెన మీంచి చూస్తూనే ఉంది. మా పని అయిపోయిందనుకున్నాను. పర్యటన పూర్తయ్యాక, టీ తాగే నెపంతో నన్ను పక్కకి పిలిచింది. ఢిల్లీలో ఉంటున్నా ఆవిడది గుంటూరే.

“ఆ నీలం గేటు మీకెన్నిసార్లు కనబడిందండీ?”

“మూడు,” అన్నాను.

“నాకు ఐదండీ. నేనూ రివర్సులోనే వచ్చాను. పైవాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది.”

శాఖ నిలబడింది. నివేదికలో ‘మార్గం సులభం’ అని ఒకే వాక్యం రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

తర్వాత రెండుసార్లు వెళ్లి చూశాను. రోడ్డుంది, లాకులున్నాయి, చర్చి లేదు. ఏం జరిగిందో నాకిప్పటికీ తెలీదు. తెలిసినా ఢిల్లీకి మాత్రం రాయను.