తండ్రీ కూతుళ్ల నడుమ జాగా

ముత్తంగి దాటగానే షేర్ ఆటో ఆగింది. గంపతో ఒక ముసలామె ఎక్కి, వెనక సీట్లో తండ్రీ కూతుళ్ల మధ్య ఖాళీ చూసి అక్కడే సర్దుకుంది. ఆ ఖాళీ తండ్రి సాదుల్లా కావాలని వదిలిందే. కూతురు అరీబా నడక నేర్చినప్పటి నుంచీ వదులుతూనే ఉన్నాడు.

జిన్నారం దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో, పొడి ఆరబెట్టే యంత్రం దగ్గర అతని పని. పెళ్లినాటికే మోకాళ్ల కింద నల్లటి గరుకు గుల్లలు, నిద్ర పట్టనివ్వని దురద. ఆ పొడి వల్లే అన్నారు తోటివాళ్లు. ఈ చుట్టుపక్కల జనం వాసన చూసి గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పగలరు. బోరు నీళ్ల రంగు మారితే వాగులో ఏం కలిసిందోనని చర్చకు కూర్చుంటారు. ఒంటి మీద ఏది లేచినా దోషిని వెతుక్కునే పని వాళ్లకు లేదు. సాదుల్లా కూడా వెతకలేదు. పొడి అంటుకుంటుందని, దురద తనతోనే ఆగిపోవాలని, బిడ్డను ముట్టుకోవడం మానేశాడు. దగ్గరికొస్తే, చేతులు కడుక్కోలేదని వెనక్కి జరిగేవాడు. ఆమెకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడే తగ్గిందా అని అడిగేవాడు.

పదిహేనో ఏట అరీబా కాళ్ల మీదా అవే గుల్లలు లేచాయి.

నగరంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించి, ఇవాళ ఫలితం చెప్పింది. చర్మకణాల మీద దురద కబురు అందుకునే ప్రోటీన్ ఒకటి ఉంటుందట. దాన్ని తయారుచేసే జన్యువులో ఒకచోట మార్పు. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చాలు, ఈ రోగం వస్తుంది. కన్నవాళ్లలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

"మీ నాన్నకు ఉండేదా?" అని అడిగింది.

"లేదు మేడం. ఇది ఫ్యాక్టరీ రోగం."

తండ్రి పోయేనాటికి అతనికి ఊహ తెలియదు. ఈమె కూడా కంపెనీవాళ్ల మనిషే అనుకుంటూ మెట్లు దిగాడు.

ఆటోలో ముసలామె అతన్ని పరకాయించి చూసింది. "నువ్వు లక్డారం ఖాసీం కొడుకువు గాదా? నేను రాజవ్వను. మీ నాయిన, నేను ఒక్క చెర్కు తోటల్నే కూలికి పోయేటోళ్లం."

"అవునవ్వా."

రాజవ్వ అరీబా వైపు తిరిగింది. ఆ పిల్ల మడమతో రెండో కాలు రుద్దుకుంటోంది.

"గీమె నీ బిడ్డనా? రుద్దుకునుడు గూడ తాత లెక్కనే సూడు. అన్నం తిన్నడంటే సాలు, గింజలొల్సిన మక్కబెండు వట్టుకొని కాళ్లు గీరుకుంటుండె. కాళ్లకెందుకే ఖాసీమన్నా సాన వెట్టుడు, కొడవలికి వెట్టరాదు అంటే నవ్వేటోడు."

సాదుల్లా ఆమె వైపు తిరిగాడు. "నాయిన ఏ ఫ్యాక్టరీల పనిచేసిండు అవ్వా?"

"ఫ్యాక్టరీ యాడిది బిడ్డా అప్పుడు? గిదంత చెర్కు, జొన్ననే."

పొడి కాదు, నీళ్లు కాదు. తన నుంచి ఆ పిల్లకు చేరాల్సింది ఆమె పుట్టకముందే చేరిపోయింది. ఇన్నేళ్లూ ఆమెకు అందకుండా పోయింది అతని చెయ్యి ఒక్కటే.

లక్డారం గేటు దగ్గర ఆటో ఆగింది. సాదుల్లా ముందు దిగి అరీబాకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి వంక చూసి, అలవాటుగా వెనక్కి జరిగింది.

"నువ్వు చేతులు కడుక్కోలే కదా అబ్బూ," అని, ఆటో కడ్డీ పట్టుకుని తనే దిగింది.

"జెర పైలం బిడ్డా," అంటోంది రాజవ్వ.

సాదుల్లా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తిరగకుండా ఊరి దారిన నడిచిపోయాడు.