సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి

మా చేను మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే రోడ్డుకు కాస్త లోపల ఉంది. బంతి, చామంతి వేస్తాం. పూలను గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకెళ్లే డీసీఎం బండి మా ఊరి దగ్గరికి రాగానే డ్రైవర్ ఫోన్ చేస్తాడు. మేం మూటలు రోడ్డు మీదికి చేరుస్తాం. డ్రైవర్లు మారుతుంటారు, నంబర్లూ మారుతుంటాయి. అందుకే తెలియని నంబరు ఎత్తొద్దని అందరూ ఇచ్చే తెలివైన సలహా నాకు పనికిరాదు. ప్రతి ఫోనూ ఎత్తాల్సిందే.

ఎత్తితే ప్లాట్లు.

"మేడం, చేవెళ్ల రోడ్డుల మా వెంచర్ ఉన్నది. ప్రశాంతమైన వాతావరణం, చుట్టూ పూలతోటలు," అంది ఒక అమ్మాయి.

"ఆ పూలతోట నాదే బిడ్డా. అండ్లనే నిలబడి మాట్లాడుతున్న."

ఆమె ఆగితేగా! "సైట్ విజిట్‌కు ఫ్రీ క్యాబ్ పంపిస్తం మేడం. ఎప్పుడొస్తరు?"

నా చేను చూడటానికి నాకే కారు పంపుతుందట. మొదట నవ్వొచ్చింది. రోజూ వినేసరికి ఒళ్లు మండింది.

వద్దన్నవాళ్లకు ఇలాంటి ఫోన్లు చేయకూడదని సర్కారువారి నియమం ఉంది. నమ్మి, నా నంబరు నమోదు చేయించాను. ఫోన్లు తగ్గలేదు. ఫిర్యాదు చేద్దామంటే ఆ అమ్మాయి ఏం మాట్లాడిందో నేనే గుర్తుపెట్టుకుని రాయాలట. పని నాది, జీతం వాళ్లది. సరే, రాశాను. తగిన చర్య తీసుకున్నామని మెసేజ్ వచ్చింది. మర్నాడు అదే అమ్మాయి, అవే పూలతోటలు, నంబరొక్కటే వేరు. చేలో దిష్టిబొమ్మ పెడితే పిట్టలైనా కొన్నాళ్లు భయపడతాయి. ఈ నియమానికి భయపడ్డవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

దసరా ముందు రోజు పూలకు ఎక్కడలేని గిరాకీ. పండగ దాటితే బంతిపూలను అడిగే దిక్కుండదు. మా ఆయనా నేనూ తెల్లవారేసరికే మూటలు కట్టేశాం. డ్రైవర్ పిలుపు కోసం ఫోన్ చేత్తో పట్టుకునే కూర్చున్నాను. మోగింది.

"మీ ఫిర్యాదు పరిష్కారంతో సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి," అంది రికార్డు గొంతు.

ఇన్నాళ్లకు అడిగారు గదా అని కసిగా రెండు నొక్కాను. అధికారితో మాట్లాడాలంటే వేచి ఉండమంది. మనిషన్నవాడు దొరికితే కడిగేద్దామని ఉన్నాను. ఏదో సంగీతం వచ్చింది. అయిపోయి మళ్లీ మొదలైంది. చివరికి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని దానంతటదే ఆగిపోయింది.

వెంటనే డ్రైవర్ ఫోన్.

"ఏందక్కా, ఎన్నిసార్లు చేసినా బిజీ వస్తున్నది! రోడ్డు మీద జరసేపు ఆగిన గూడ. ఇప్పుడు అజీజ్‌నగర్ దాటిన. వాపస్ వస్తే నాకు మార్కెట్ దొరకది."

మా ఆయన ఇంకో బండి కోసం ఊళ్లోకి పరుగెత్తాడు. పండగ పూట ఖాళీ బండి ఎవరి దగ్గరుంటుంది? నాకు ఏడుపొచ్చింది. ఆ ప్లాట్ల పిల్ల కూడా చేయలేని నష్టం, నన్ను కాపాడతామన్నవాళ్లు చేశారు.

ఫోన్ మళ్లీ మోగింది.

"మేడం, సైట్ విజిట్‌కు ఫ్రీ క్యాబ్..."

"పంపు బిడ్డా. ఇప్పుడే పంపు. జర పెద్దది పంపు."

ఆ గొంతులో ఎంత సంబరమో! "ఎంతమంది వస్తరు మేడం?"

"మనుషులు రారు. బంతిపూల మూటలొస్తయి. గుడిమల్కాపూర్‌ల దింపాలె."

ఇన్ని నెలల్లో మొదటిసారి, ఫోన్ వాళ్లే పెట్టేశారు.