టార్చి వెలుగులో దొరికిన మా సదన్న ఫొటో

నిన్న పొద్దున వదిన నంబర్ నుంచి కాల్ వచ్చింది. ఎత్తితే వదిన కాదు, పక్క క్వార్టర్ ఆమె.

"మీ అన్నకు మంచిగ లేదు, జల్ది రా" అంది.

ఆ మాటకు అర్థం ఏంటో మన దగ్గర అందరికీ తెలుసు. అయినా కరీంనగర్‌లో బస్సు ఎక్కి గోదావరిఖనిలో దిగేదాకా నేను నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా, ఫోన్లో నాతో పోట్లాడాడు.

ఇంటి ముందు టెంటు చూశాక నమ్మాను.

మా సదన్న పోయాడు. ఫస్ట్ షిఫ్టుకు బూట్లు వేసుకుంటూ ఛాతీ పట్టుకున్నాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

నన్ను సరిగ్గా ఏడవనివ్వలేదు కూడా. మా మేనబావ వచ్చి, "ఫ్లెక్సీకి ఫొటో గావాలె. వేరేది ఏది దొరుకుతలేదు, ఐడీ కార్డుదే ఇస్తున్న" అన్నాడు. మా కాలనీలో ఎవరు పోయినా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టాకే మనిషిని తీసుకెళ్తారు.

ఆ ఐడీ ఫొటో మీరెవరైనా చూశారా? బొగ్గుబాయిలో ఉద్యోగంలో చేరినప్పటిది. ఎవరో పట్టుకొచ్చి గోడకు నిలబెట్టినట్టు ఉంటాడు.

నిజానికి జరిగిందీ అదే. అన్న హైదరాబాద్‌లో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు చేస్తుంటే ఇక్కడ బాపు బాయి పనికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు కొడుకు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంటికి దక్కదు. కోర్సు మధ్యలో వదిలేసి వచ్చి బాయిలో దిగాడు.

"ఒక్క ఏడాది చేసి రాజీనామా పెడ్త చెల్లే."

ప్రతి ఏడాదీ ఇదే మాట. నా చదువు, నా పెళ్లి, బాపు మందులు, పిల్లల బడి. ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి వచ్చి కూర్చునేది.

"బాయిల నుంచి బయటికొచ్చినా లోపల్నే ఉన్నట్టుంటది" అన్నాడు ఒకసారి.

ఆయనకు ఊపిరాడేది ఒక్కచోటే. వెనక గదిలో, ఆ పాత డెస్క్‌టాప్ ముందు.

అది కొన్న కొత్తలో అన్న డ్యూటీలో ఉండగా నేను ఆన్ చేస్తే స్క్రీన్ వచ్చేదే కాదు. బీప్ అనగానే అంతా బంద్. సాయంత్రం అన్న చూస్తే బ్రహ్మాండంగా పనిచేసేది. కేబుల్ మార్చాడు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాడు. నాకు ఆన్ చేయడం కూడా రాదని తిట్టాడు.

ఒక సెలవు రోజు దొంగ దొరికాడు. మా బాపు!

కరెంటు వైరు ముందు గదిలోంచి లాగారు. స్విచ్చు బాపు మంచం పక్కనే. కంప్యూటర్ బీప్ అనగానే పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపి ఆపేస్తున్నాడు. సాయంత్రాలు ఆయన చాయ్ హోటల్‌లో ఉంటాడు కాబట్టి అన్నకు దొరకలేదు.

బాపు జీవితమంతా బాయిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజన్ నడిపాడు. కింది నుంచి ఒక్క గంట కొడితే ఆపెయ్యాలి. ఆపకపోతే మనుషులు పోతారు.

"ఒక్క గంట కొట్టింది గదరా, ఆపద్దా?" అన్నాడు పైగా.

అన్న కింద కూర్చుండిపోయి నవ్వాడు. "బాపూ, దీనికి ఒక్క గంట అంటే అంత మంచిగున్నట్టు. నడవనియ్యి."

నిన్నటికి వస్తాను.

అన్న నవ్వే ఫొటో ఒకటుంది. శ్రీరాంపూర్‌లో పెళ్లికి పోయినప్పుడు నా ఫోన్‌తో తీశాను. ఆ ఫోన్ ఎప్పుడో పోయింది. కానీ ఆ ఫొటోను ఆ కంప్యూటర్లో వాల్‌పేపర్‌గా పెట్టాను. "నా మొఖం నేనే చూసుకోవాల్నా?" అని తిట్టాడు గానీ తీసెయ్యలేదు.

వెనక గదిలోకి పోయి కంప్యూటర్ ఆన్ చేశాను. దాని డబ్బాలో ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ బటన్ దగ్గర చిన్న లైటు వెలుగుతోంది. స్క్రీన్ నల్లగా ఉంది. కేబుల్ పీకి పెట్టాను, స్క్రూలు బిగించాను. నలుపే.

గది నిండా చుట్టాలు. కదిలే చోటు లేదు. బయటి నుంచి బావ, "ఐడీ కార్డుదే ఇచ్చేస్తున్న, టైమైతుంది" అని అరుస్తున్నాడు. చచ్చాక కూడా ఆయన్ని ఆ గోడకే నిలబెడతారా?

ఆపి మళ్లీ ఆన్ చేశాను.

బీప్. ఒక్కటే.

ముందు గదిలో అన్న తల దగ్గర కూర్చున్న బాపు లేచి వచ్చాడు. స్విచ్చు ఆపేస్తాడేమో అనుకున్నాను.

"ఒక్కటే కొట్టింది బిడ్డా. అది మంచిగనే ఉన్నది. తిప్పలు టీవీ డబ్బాలనే ఉన్నట్టుంది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆఫీసులో మానిటర్ ఇలాగే నల్లగా అయితే అన్న ఫోన్లో చెప్పాడు: "చీకటి చేసి, అడ్డంగ టార్చి కొట్టి చూడు. బొమ్మ లోపల్నే ఉంటది. ఎనుక లైటు పోయుంటది, అంతే."

కిటికీ మూయించి, అందరినీ బయటికి పంపాను. బాపు తన టార్చి తెచ్చి స్క్రీన్‌కు అడ్డంగా పట్టాడు.

కొంచెం కిందికి. కొంచెం పక్కకు.

"ఇగో... ఉన్నడు" అన్నాడు బాపు.

ఉన్నాడు. మసకగా, నోరంతా తెరిచి నవ్వుతూ.

వెలుగు జారినప్పుడల్లా అన్న మాయమవుతున్నాడు, మౌస్ బాణం కూడా. ఏడుస్తూనే వెతికి వెతికి ఫొటోను పెన్‌డ్రైవ్‌లోకి వేశాను.

తర్వాత ఆపెయ్యబోతే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బంద్ చెయ్యకు బిడ్డా. నడవనియ్యి."

వీధి మొదట్లో మా అన్న నవ్వుతున్నాడు. సాయంత్రం ఆ నవ్వు ముందు నుంచే ఆయన్ని గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లాం.

ఇది రాస్తుంటే వెనక గదిలో ఆ ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది. స్క్రీన్ నల్లగానే ఉంది. ఎవరమూ ఆపలేదు.

పైన పెట్టిన ఫొటో అదే. చూడండి, ఇదీ మా సదన్న.

పోయిరా అన్నా. ఇక షిఫ్టు సైరన్ మోగినా నువ్వు లేవద్దు. నిమ్మళంగా పడుకో.