తోటలో శుక్రవారం

తిరువూరులో నేను ఉన్నది ఒక్క వేసవి. ఎ.కొండూరు వైపు మంచినీళ్ళ పైపులైను వేస్తుంటే నేల ఎత్తుపల్లాల లెవెల్స్ చూసే పని మీద వచ్చాను. అక్కా బావా అంతకు కొద్ది నెలల ముందే ఆ ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నారు కాబట్టి గది వెతుక్కోవలసిన అవసరం రాలేదు. వాళ్ళ వీధి చివరే పాత పూలతోట.

ఎప్పుడో జమీందారీ రోజుల్లో ఎస్టేటు వాళ్ళు గుడి పూల కోసం వేయించి, తర్వాత ఊరికి ఇచ్చేసిన తోట అది. చుట్టూ మనిషెత్తు ఇటుక గోడ, మధ్యలో రాతి బావి, బావి నుంచి నాలుగు వైపులకూ సున్నంతో కట్టిన కాలువలు. ఇప్పుడు నీళ్ళు మోటారుతో తోడుతున్నారు, పారేది మాత్రం ఆ కాలువల్లోనే. మొదటి రోజు నేను చూసింది పూలను కాదు, కాలువల వాలును. నీరు ఎక్కడా నిలవదు, ఎక్కడా పరుగెత్తదు. మా దగ్గరున్నటువంటి పరికరాలు లేని రోజుల్లో అంత సరిగా ఎలా కుదిర్చారో చూద్దామని రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. పూలు మెల్లగా కంటబడ్డాయి. బావి పక్కన నందివర్ధనం, తూర్పు గోడ వెంట గన్నేరు, పడమటి మడుల్లో మల్లె, కనకాంబరం. నడకదారి పొడుగునా పొగడ చెట్లు. వాటి కింద నడిచి ఇంటికొస్తే చొక్కాకు ఆ వాసన రాత్రి దాకా ఉండేది.

ఇంట్లో అక్క కడుపుతో ఉంది. రెండేళ్ళ కిందట ఒకసారి కడుపొచ్చి నిలవలేదు. అప్పుడు మూడో నెలలోనే వీధి వీధంతా స్వీట్లు పంచారు. పదిమంది కళ్ళూ పడటం వల్లే అలా జరిగిందని అక్క అత్తగారి నమ్మకం. ఈసారి ఆవిడే వచ్చి కోడలి దగ్గర ఉన్నారు. నెలల మాట ఇంట్లో పైకి అనకూడదు. ఫోటోలు తీయకూడదు. గాజులు, సీమంతం లాంటివి అసలు తలపెట్టకూడదు. దీపాలవేళ అక్క గడప దాటకూడదు. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు. అక్కకు నడుము నొప్పిగా ఉంటే పక్కింటి వాళ్ళకు తెలియకుండా తలుపులు వేసి మరీ నూనె రాసేవారు.

ఒక మధ్యాహ్నం అక్క నాతో అంది. "ఒరేయ్, పోయినసారిది ఒకటి ఉండేదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదురా. ఒక్క ఫోటో కూడా లేదు. ఈసారి ఏమైనా కానీ, పూలజడ వేసుకుని ఒక్క ఫోటో తీయించుకుంటాను. ఎవరికీ చూపించనులే."

"బావకి తెలుసా?"

"ఆయన సరేనన్నారు. వాళ్ళమ్మతో చెప్పే ధైర్యం మాత్రం లేదంట."

అప్పుడు బావ జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ మీద విజయవాడలో ఉన్నాడు. పని నా మీద పడింది. ఇంట్లో తీస్తే కిటికీలోంచి పక్కవాటా వాళ్ళు చూస్తారు. తోట మేలు. మిగిలింది రోజు ఎంచుకోవడం. అత్తయ్యగారు ఊళ్ళో ఉండకూడదు, తోటలో జనం పలచగా ఉండాలి, మల్లెమొగ్గలు విచ్చుకోకముందే వెలుతురు ఏటవాలుగా ఉండాలి. శని ఆదివారాలు పిల్లలతో కిటకిటలాడుతుంది. సోమవారం నుంచి గురువారం దాకా నేను స్వయంగా చూశాను, బెంచీలు ఖాళీగానే ఉంటాయి. శుక్రవారాలు సైటులో వారం కొలతలు రాయించి వచ్చేసరికి చీకటి పడేది. అందుకని ఆ రోజు తోట నేను చూడలేదు. శుక్రవారం కూడా గురువారంలాగే ఉంటుందనుకున్నాను. పైగా ఆ శుక్రవారం అత్తయ్యగారు ఆవకాయకు కాయలు తేవడానికి పెనుగొలను వెళ్తున్నారు. నేను సెలవు పెట్టాను.

ఆవిడ బస్సెక్కగానే బజారుకెళ్ళి మొగ్గలు, కనకాంబరాలు తెచ్చాను. అట్టముక్క కత్తిరించి, ఈనెపుల్లలకు మొగ్గలు గుచ్చి, వరసలుగా కుట్టడం మొదలుపెట్టాం.

"మొగ్గలు గుచ్చమంటే కొలతలు తీస్తావేంట్రా?" అంది అక్క.

"వరస వంకర పోతోందక్కా."

"జడ నా వెనకాల ఉంటుంది. నాకెలాగూ కనపడదు."

"అద్దంలో కనపడుతుందిగా."

పూలజడ ఫోటో అంటే వెనక అద్దం ఉండాల్సిందే. మొహం ముందుకు, జడ అద్దంలో. అద్దం ఏ మేరకు పక్కకు తిప్పితే జడ పూర్తిగా పడి నేను పడకుండా ఉంటానో ముందురోజే బొమ్మ గీసి చూసుకున్నాను. గోడకున్న అద్దం విప్పి దుప్పట్లో చుట్టాను. అక్క చీర కట్టుకుని, జడ కనపడకుండా పైన చున్నీ కప్పుకుంది.

గేటు దగ్గర కాపలా ఆయన దుప్పటి ఎత్తి చూశాడు. "అద్దమెందుకు సార్? తోటలో గడ్డం గీసుకుంటారా?"

"ఫోటో తీసుకోవాలండి. పది నిమిషాల్లో వెళ్ళిపోతాం."

"దారికి అడ్డం పెట్టకండి మరి. ఇవాళ జనం వస్తారు."

ఏ జనం అని అడిగేలోపే ఆయన వేరేవాళ్ళ బండి తీయించడానికి వెళ్ళిపోయాడు. పొగడ చెట్ల కింద రాతిబెంచీ మీద అక్కను కూర్చోబెట్టి, వెనక అద్దం నిలబెట్టి, కోణం సరిచేసి ఫోన్ తీసి చూసేసరికి అద్దం నిండా ఆడవాళ్ళు. వెనక్కి తిరిగాను. గేటులోంచి గుంపులు గుంపులుగా వస్తున్నారు. కొందరి చేతుల్లో సజ్జలు, కొందరి దగ్గర స్టీలు గిన్నెలు. తోటమాలి మడుల నుంచి పెద్ద గంప ఎత్తుకొచ్చి బావి గట్టున పెట్టాడు. రోజూ పూలు గుడికి పోతాయి. శుక్రవారం సాయంత్రం కోసినవి మాత్రం వచ్చిన ఆడవాళ్ళకు తలా దోసెడు ఇస్తారు. తోట ఇచ్చేటప్పుడు ఎస్టేటు వాళ్ళు పెట్టిన షరతు అట. శుక్రవారాలు అత్తయ్యగారు దీపం దగ్గర పెట్టే పూలు బజారువని మేము ఇన్నాళ్ళూ అనుకున్నాం.

"అక్కా, లే. పోదాం" అన్నాను. అక్క లేచేసరికి చున్నీ బెంచీకి తగులుకుని జారింది.

"అయ్యో తల్లీ, ఎంత బాగుందే!" అంది ముందు వచ్చినావిడ. అంతే, చుట్టూ మూగారు.

"కూర్చోమ్మా, కూర్చో. ఒట్టిమనిషివి కాదు, తొందరేంటి?"

"జడ ఎవరు వేశారమ్మా?"

"మా తమ్ముడు."

"మగపిల్లాడా! మా ఆయన నా జుట్టు చిక్కు కూడా తీయడు."

"మీ ఆయన నెత్తిన జుట్టుంటేగా, చిక్కంటే తెలియడానికి!"

నవ్వులు. ఒకావిడ కొంగున ముడేసుకున్న గుడి కుంకుమ తీసి అక్క నుదుట పెట్టింది. ఇంకో పెద్దావిడ, "ఒడి పట్టమ్మా" అని తన దోసిలిలోంచి గుప్పెడు పూలు వేసింది. వెనకవాళ్ళూ ఆవిడలాగే చేశారు. గంప దగ్గర పూలు తీసుకోవడం, ఇటొచ్చి అందులోంచి కొన్ని అక్క ఒడిలో పోయడం. అక్క కొంగు పట్టుకుని కూర్చుంది. రాలిన పువ్వునల్లా ఏరి ఒడిలో వేసుకుంటోంది, మధ్యమధ్యలో గేటు వైపు చూస్తోంది. సంతోషమో భయమో నాకు తెలియలేదు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

"ఎన్నో నెలమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

అక్క ఒడిలో పూలు సర్దుకోసాగింది. అప్పుడే ఆ గుంపు వెనక అత్తయ్యగారు కనిపించారు. పెనుగొలను బస్సు దిగి, కాయల బస్తాతో ఆటోలో తిన్నగా తోటకే వచ్చారు, శుక్రవారం పూల కోసం. బస్తా గేటు దగ్గర దించి లోపలికొచ్చి చూస్తే, పదిమంది మధ్యలో ఒడి నిండా పూలతో కోడలు.

"అత్తయ్యా..." అంది అక్క. లేవబోతే పూలు జారాయి. గట్టిగా కొంగు పట్టుకుంది.

ఆవిడ మొహం తెల్లబోయింది. అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశారు. తర్వాత దగ్గరికొచ్చి అక్క వెనక నిలబడి జడ చూశారు. పెద్దావిడ ఈవిడ వైపు తిరిగి, "అత్తగారా మీరు? ఎన్నో నెలంటే చెప్పడానికి సిగ్గుపడుతోంది మీ కోడలు" అంది.

అత్తయ్యగారు అక్క భుజం మీద చెయ్యేశారు.

"ఏడోదమ్మా" అన్నారు.

ఆ ఇంట్లో ఆ అంకె పైకి అనగా నేను వినడం అదే మొదటిసారి.

వెంటనే ఆవిడ నా వైపు తిరిగారు. "అబ్బాయ్, గేటు దగ్గర బస్తా ఉంది, లాక్కురా."

"ఇప్పుడా అత్తయ్యగారూ?"

"ఒడి నింపినవాళ్ళను ఉత్తచేతులతో పంపిస్తే కోడలికి మంచిదా? తాంబూలం ఎక్కడ తెచ్చేది ఇప్పుడు? తీసుకురా!"

బస్తా తెచ్చాను. ఆవిడ మూతి విప్పి, ఆ గుడి కుంకుమే అడిగి తీసుకుని, బొట్టు పెట్టి మరీ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో మామిడికాయ పెట్టడం మొదలుపెట్టారు.

"పుల్లగా ఉంటాయా పిన్నీ?"

"పుల్లగా లేకపోతే ఆవకాయకు ఎందుకు తెస్తానమ్మా? కొరికి చూడు, పళ్ళు పులిసిపోతాయి."

"మా ఇంట్లో ముగ్గురం వచ్చాం."

"ముగ్గురూ పూలు వేశారా? అయితే ముగ్గురికీ."

వెలుతురు తగ్గి జనం పలచబడేసరికి బస్తా ఖాళీ. అత్తయ్యగారు గంప దగ్గరికి వెళ్ళి తన దోసెడు పూలు అడిగి తీసుకున్నారు. దారి పొడుగునా అక్కను చెయ్యి పట్టుకుని నడిపించారు. నేను దుప్పట్లో అద్దం మోసుకుంటూ వెనక నడిచాను. ఇంటికి రాగానే ఆవిడ అక్కను గుమ్మం ముందే ఆపి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీశారు. మిరపకాయలు నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాలేదని గొణుక్కున్నారు. ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టట. లోపలికెళ్ళి మళ్ళీ తెచ్చి ఇంకోసారి తీశారు. అక్క తల వంచుకుని నిలబడింది.

దీపం పెట్టాక నన్ను పిలిచారు. "ఫోటో తీశావా?"

అబద్ధం చెప్పలేక ఫోన్ ఇచ్చాను. అనుకున్నట్టు ఏదీ రాలేదు. పనికొచ్చేది ఒకటే ఉంది. అక్క ఒడి నిండా పూలతో, చేతిలో పచ్చి మామిడికాయతో, ఎవరి మాటకో నోరారా నవ్వుతోంది. అత్తయ్యగారు ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టి చాలాసేపు చూశారు. అక్క వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడింది.

"జడ పడలేదేం ఇందులో?"

"జనంలో కుదరలేదండి."

"అద్దం మోసుకెళ్ళి మరీ ఇదా తీసింది!" ఫోన్ నా చేతిలో పెట్టారు. తర్వాత వంటింటి వైపు చూడకుండానే అన్నారు. "పెట్టెలో ఉన్న ఎర్రచీరకు ఫాల్ కుట్టించుకో అమ్మాయ్. సీమంతానికి అది కట్టుకుందువుగానీ. జడ నేను వేస్తాను."