అత్తగారి మోకాళ్ళు, నా మొదటి ఉపన్యాసం

ఉపన్యాసంతో పేరు తెచ్చుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. ఉన్న పరువును ఊరి ముందు ఆరబోసుకున్నదాన్ని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

పంతొమ్మిది వందల నలభైలలో నేను సిద్దిపేటలో కొత్త కోడలిని. వకీలుగారి భార్య శాంతక్క మధ్యాహ్నాలు తన ఇంటి వసారాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేది. మా అత్త మల్లవ్వ దగ్గర ఆ మాటెత్తితే, "సదివి నువ్వేమన్న తహసీల్దారీ జేస్తవా?" అనేది. అందుకని ఒక ఉపాయం పన్నాను.

"అత్తమ్మా, నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాలని హనుమాండ్ల గుడిల రోజూ నూటెనిమిది ప్రదక్షిణలు జేస్త."

అత్త కళ్ళు చెమర్చాయి. "నా కడుపున పుట్టింది గూడ ఇంత జెయ్యలే బిడ్డా!" అంది.

నాలుగు నెలలు నేను గుడి చుట్టూ కాదు, గుణింతాల చుట్టూ తిరిగాను. వింతేమిటంటే, నొప్పులు తగ్గుతున్నాయని అత్త వాడంతా చాటింది. నీళ్ళ బిందె కనబడితే మాత్రం "అవ్వో!" అని మళ్ళీ కూలబడేది. దేవుడి దయ ఇంకా బావి దాకా రాలేదనుకున్నాను.

ఇంతలో గ్రంథాలయంలో ఆడవాళ్ళ సభ పెట్టారు. శాంతక్క నన్ను మాట్లాడమంది. నేను వారం రోజులు బట్టీపట్టి ఆమెకు వినిపించాను: "సకల సద్గుణ సంపన్నులైన ఓ మహిళామణులారా!" రెండో వాక్యానికే శాంతక్క ఆవులించింది.

"గిదేంది యాదమ్మా, పెండ్లిపత్రిక సదివినట్టున్నది! నీ బతుకుల జరిగింది చెప్పు."

"అంతమంది మొఖాలు జూస్తే కాళ్ళు వణుకుతయక్కా."

"అందర్నెందుకు జూస్తవ్? ఎరుకలేని మొఖం ఒక్కటి జూసుకో. గామెకే ముచ్చట చెప్తున్ననుకో."

సభ రోజు పొద్దున్నే అత్త బండి కట్టించుకుని అక్కన్నపేటలో కూతురింటికి బయల్దేరింది. ఇక నాకేం భయం? వేదికెక్కి చూస్తే ముందు వరుసలో తమలపాకులు నములుతూ ఒక లావుపాటి ఆమె కనిపించింది. బావిలో పడ్డ పిల్లి చేదతాడును పట్టుకున్నట్టు ఆమె మొహాన్ని పట్టుకున్నాను. ఇంకెవరినైనా చూస్తే ఒట్టు.

అత్త మోకాళ్ళ మొక్కు సంగతంతా చెప్పి, "ప్రదక్షిణల్లేవు, గిదక్షిణల్లేవు! నేను పోయింది సదువుకే!" అన్నాను. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు కల్లు కన్నా చెడ్డది సుమా! నడుం మీద చెయ్యి వేసుకుని, మా అత్తలాగా కుంటుతూ వేదిక మీద రెండు చుట్లు తిరిగాను. మూడో చుట్టులో నవ్వులు ఆగిపోయాయి. లావుపాటి ఆమె నమలడం మానేసి వెనక్కి చూస్తోంది.

వెనక నుంచి ఒక గొంతు. "మరి నా నొప్పులెట్ల తగ్గినయే?"

అత్త! ఊరు దాటకముందే బండి ఇరుసు విరిగిందట. తిరిగొస్తుంటే పక్కింటివాళ్ళు సభకు పట్టుకొచ్చారట.

ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి వేదికెక్కింది. నా చదువుకు అదే ఆఖరి రోజనుకుని కళ్ళు మూసుకున్నాను. చెంప మీద దెబ్బ పడలేదు. అత్త జనం వైపు తిరిగింది.

"నా కోడలి అబద్ధం ఇన్నరు గద. ఇగ నాది గూడ ఇనుండ్రి. నాకసలు మోకాళ్ళ నొప్పులే లెవ్వు!"

సభంతా నోరు తెరిచింది.

"ముప్పై ఏండ్లు నీళ్ళు మోసిన. ఒక్కనాడన్న నన్ను కూసోమన్నోళ్ళు లేరు. కోడలొచ్చినంక, నొప్పులని చెప్పి నేనే కూసున్న. తప్పా? రేపటిసంది చెరి సగం మోస్తం. నా కోడలు దొంగతనంగ పోవుడు బంద్. సక్కగ నా ముంగట్నుంచే సదువుకు పోతది!"

చప్పట్లు మోగిపోయాయి. ముసలమ్మలు నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. శాంతక్క నా చెవిలో, "ఉపన్యాసమంటే గిది!" అంది. నేను కష్టపడి నేర్చుకున్న విద్య మా అత్తకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

మరుసటి ఏడు సభ ఆహ్వానం మా ఇంటికే వచ్చింది. గర్వంగా విప్పి, కూడబలుక్కోకుండా గడగడా చదివాను. ప్రధాన వక్త: శ్రీమతి మల్లవ్వ గారు.

"ఇంకొక్కపారి సదువు బిడ్డా," అంది అత్త.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట వేదికెక్కితే దేశం గురించి మాట్లాడతాను, ధర్మం గురించి మాట్లాడతాను, అవసరమైతే చంద్రమండలం గురించి కూడా మాట్లాడతాను. మా ఇంటి సంగతులు మాత్రం చచ్చినా ఎత్తను.