గెడకి కట్టిన ఫోను

పాడేరు ఆఫీసులో మా ఫోన్లు చూసుకునే సారుని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొండ ఊళ్లలో జ్వరాలొచ్చినవాళ్ల పేర్లు డాక్టరుకి పంపడానికి మా ఆరోగ్య కార్యకర్తలకి ఫోన్లిచ్చారు. అవి ఎన్నిసార్లు కింద పడ్డాయో, బ్యాటరీ ఎంత నీరసించిందో ఆయన కంప్యూటర్లో కనిపించేది. నెలనెలా మీటింగులో మా మొహం చూడకుండా, పెన్నుతో తెరని పొడుస్తూ అడిగేవాడు.

"ఏటమ్మా, పదిసార్లు పడీసినావు?"

"నాను పడీయలేదు సారూ. మా ఊళ్లో సిగ్నల్ లేదు. వెదురు గెడకి కట్టి పైకెత్తితేనే పేర్లు ఎల్తాయి. గాలేస్తే జారిపోతాది."

"గెడలూ గిడలూ నాకు సెప్పకు. ఇంకోపాలి పడితే నీ పని పోతాది."

గెడ ఎత్తడం మానేశాను.

మరుసటి నెల నా పేరు ఎదుట సున్నా చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, అందరిచేతా నాకు చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్ల మధ్యే నా ఫోను పాడేరు సిగ్నల్ అందుకుని, నెలంతా ఆగిపోయిన పేర్లు పంపడం మొదలెట్టింది. మొదటి పేరు మా పక్కింటి గుంటది. ఆ పిల్లని పాతిపెట్టి అప్పటికి వారమైంది.