మొక్కు పుంజుల కాపురం

కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో నేను మొగుడితో చేసిన కాపురం కంటే పుంజుతో చేసిందే ఎక్కువ. నవ్వుకోండి, ఫరవాలేదు. అప్పుడు మా వాడకట్టంతా నవ్వింది, మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు. మా అత్తగారి ఊరు వేములవాడకు దగ్గర. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కోడలు గడప తొక్కడం, కొడుకు దుబాయి విమానం ఎక్కడం ఇంచుమించు ఒకే ముహూర్తానికి జరుగుతాయి. మా బావ, అంటే మా ఆయన అన్న, నా పెళ్ళికని దుబాయి నుంచి వచ్చాడు. పోయేటప్పుడు తమ్ముణ్ణి కూడా వెంట తీసుకుపోయాడు. నా చేతి గోరింటాకు ఇంకా పోలేదు. వాకిట్లో ఆటో ఆగి ఉండగానే మా అత్త వేములవాడ దిక్కు తిరిగి చేతులు జోడించింది. "పోచమ్మ తల్లీ, నా కొడుకులు మంచిగ తిరిగొస్తే ఒక్కొక్కని పేరు మీద ఒక్కొక్క పుంజునిస్త" అని మొక్కింది. దేవత విన్నదో లేదో గానీ, మొక్కు మాత్రం మా మెడకు చుట్టుకుంది.

ఆ మొక్కు కోసం అత్త ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లోంచి రెండు పుంజు పిల్లలను ఏరింది. నల్లది బావ పేరు మీద, ఎర్రది మా ఆయన పేరు మీద. "ఎవరి మొగని కోడిని వాళ్ళే సాదాలె" అని నల్లదాన్ని మా యారాలికి, ఎర్రదాన్ని నాకు అప్పజెప్పింది. (యారాలు అంటే బావ భార్య, నా తోటికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని.) అత్త వాటికి పేర్లు కూడా పెట్టేసింది. నల్లది పెద్దోడు, ఎర్రది చిన్నోడు. "ఏమే, చిన్నోనికి నూకలేసినవా?" అని ఆమె వాకిట్లోంచి అరిస్తే, దారిన పోయేవాళ్ళు ఆగి నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు.

పిల్లలుగా ఉన్నన్నాళ్ళు ఒకే చిప్పలో తిన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి. నెత్తిన జుట్టు ఎర్రబడి, గొంతు పెగిలి కూత మొదలయ్యిందో లేదో, దాయాదులైపోయాయి. పొద్దున ఒకటి కూస్తే రెండోది ఉరికొచ్చి మెడ పట్టేది. వాకిలంతా ఈకలు, మెట్ల మీద నెత్తుటి చుక్కలు. పుంజుల కొట్లాటకు లోకంలో అందరికీ తెలిసిన మందు ఒకటే ఉంది. ఒకదాన్ని కూర వండుకోవడం. మా పుట్టిల్లు ఉట్నూరు వైపు. అక్కడ దొడ్లో పుంజులు రెండయ్యాయంటే మా బాపు చుట్టాలకు ఫోన్ చేసేవాడు, ఆదివారానికి గొడవ సద్దుమణిగేది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. మొక్కు కోడిని కోయకూడదు, అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, కోపమొస్తే ఓ దెబ్బ కూడా వేయకూడదు. అన్నిటికీ మించి, మొక్కు తీరకముందే అది చావకూడదు. చస్తే ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకు మంచిది కాదట. ఈ మాట అత్త ఒక్కసారే చెప్పింది. నాకు మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కొత్త పెళ్ళికూతుర్ని, మొగుడు సముద్రం అవతల ఎత్తయిన బిల్డింగుల మీద పని చేస్తున్నాడు, ఇక్కడ ఆయన ప్రాణం రోజూ వాకిట్లో తన్నులు తింటోంది. నాకు నిద్రెలా పడుతుంది చెప్పండి?

మేం పడని పాట్లు లేవు. మధ్యలో ఇనుప జాలి కడితే జాలి కన్నాల్లోంచి పొడుచుకున్నాయి. రెండింటికీ ఒకే వాసన వస్తే ఒక ఇంటివే అనుకుంటాయని పక్కింటి ఖాలా చెప్పింది. (ఖాలా అంటే పిన్ని, వాడకట్టంతా అలాగే పిలిచేది. ఆమెకు కోళ్ళ సంగతి బాగా తెలుసని పేరు. ఆ పేరు ఆమే పెట్టుకుందని తర్వాత తెలిసింది.) "పసుపు నీళ్ళల్ల ఇద్దర్ని కలిపి ముంచుండ్రి బేటా, ఫికరే ఉండదు" అంది. నేను ఒకదాన్ని, అక్క ఒకదాన్ని పట్టుకుని బకెట్లో ముంచాం. తడిసి పచ్చగా అయిపోయి ఇంకా కసిగా కొట్టుకున్నాయి, పసుపంతా మా చీరల మీదికొచ్చింది. నేను డిగ్రీ చదివిన కోడల్ని గనక ఫోన్లో వెతికాను. పెట్టలు ఎక్కువుంటే పుంజులు కొట్లాడవని అందులో రాసి ఉంది. చెబితే అత్త నోరు నొక్కుకుంది. "మొగోళ్ళ కొట్లాట ఆపనీకి ఇంకిన్ని ఆడోళ్ళను తెస్తరా? గిదేం చదువే నీది?" ఆఖరికి గంపలే గతి అయ్యాయి. పొద్దుటి పూట పెద్దోడు బయట తిరిగితే చిన్నోడు గంప కింద, గంప మీద రాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్నోడు బయటికి, పెద్దోడు లోపలికి. ఫ్యాక్టరీలో షిఫ్టులు మారినట్టే మార్చేవాళ్ళం. ఒక మొక్కు కోసం నేనూ అక్కా చుట్టాల పెళ్ళికి కలిసి పోవడం మానేశాం, ఎవరో ఒకరు గంపల దగ్గర ఉండాలి గనక.

ఇంతా చేస్తుంటే అక్కడ మా మగవాళ్ళకు ఇది సినిమా. వీడియో కాల్ చేయగానే మా ఆయన "తిన్నవా?" అని అడిగేవాడు కాదు. "నా పుంజును సూపియ్యి" అనేవాడు. ఇద్దరన్నదమ్ములూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. గదిలోని మిగతావాళ్ళు కూడా ఫోన్ చుట్టూ మూగేవాళ్ళు. ఒకసారి మేం గంప మార్చేటప్పుడు రెండూ తప్పించుకుని కలబడితే, మేమిద్దరం చేతులు గీరుకుపోయేలా విడదీస్తుంటే, ఫోన్లోంచి ఈలలు వినిపించాయి. "విడిపియ్యకుండ్రే, జర ఆగుండ్రి, ఎవడు గెలుస్తడో సూద్దాం!" ఆ కేక మా ఆయనది. నేను ఫోన్ను నూకల డబ్బాలో బోర్లా పెట్టేశాను. ఆయన రావాలని నేను ఆ కోడిని కడుపులో పెట్టుకుని చూస్తుంటే, ఆయనకది పందెం. ఆ రోజు కలిగిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, దాచుకోవడమెందుకు.

రెండేళ్ళు ఇలా గడిచాక బావకు సెలవు దొరికింది. మా ఆయనకు దొరకలేదు. బావ వచ్చిన మరునాడే ఆయన పేరు మీది మొక్కు చెల్లించాలని ముందే అనుకున్నాం. చుట్టాలొచ్చారు, బోనం కుండకు పసుపు రాశాం, ఆటోలు మాట్లాడాం. ఫోన్లో చూస్తూనే ఉన్నాడు గనక, గంప ఎత్తొద్దని బావకు విడిగా చెప్పాలని మాకెవరికీ తోచలేదు. తెల్లారి ఆయన లేచి వాకిట్లోకి వచ్చేసరికి నల్ల పుంజు బయట తిరుగుతోంది, ఎర్రది గంప కింద కూస్తోంది. రాయి తీసి పక్కన పెట్టి గంప ఎత్తాడు. ఎందుకు ఎత్తావని తర్వాత అడిగితే ఆయన చెప్పిన మాట విని ఎవరం తిట్టలేకపోయాం. "మేమెట్లనో ఆడ రూముల పడి ఉన్నం. ఇంటికాడ కోడి గూడ గట్లనే ఎందుకుండాలె అనిపిచ్చింది" అన్నాడు.

మేం ఉరికొచ్చేసరికే అయిపోయింది. చిన్నోడు గెలిచాడు. పెద్దోడు గోడ మూలన ఒరిగి ఉన్నాడు, ఒక కన్ను పోయింది. అక్క దాన్ని ఒళ్ళోకి తీసుకుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆ క్షణం నాకు లోలోపల కాస్త గర్వంగా అనిపించింది, నా పుంజు గెలిచింది కదా అని. ఆ గర్వం అత్త నోరు తెరిచేదాకే. "కన్ను పోయిన కోడి తల్లికి పనికి రాదు. ఆటోలొచ్చినయి. ఎర్రదాన్ని పట్టుండ్రి" అంది.

"అది ఆయన పేరు మీదిది గదత్తా" అన్నాను.

"పేరేమన్న రాసున్నదా దాని మీద? ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్ళే."

నేను అక్క వైపు చూశాను. ఆమె ఒళ్ళోని పుంజునే చూస్తోంది గానీ నా వైపు చూడలేదు. బావ గొంతు సవరించుకున్నాడు. "తమ్మునికి నేను చెప్త తియ్యమ్మా" అన్నాడు. తమ్ముడికి చెప్పడం కాదు కావలసింది. రెండేళ్ళుగా ఆ కోడి బతికుంటే ఆయన బతికున్నాడని నమ్ముతున్నది నేను. నాకెవరు చెబుతారు?

వేములవాడలో పోచమ్మ గుడి ముందు చాలా మంది ఉన్నారు. కోసే ముందు కోడి మీద నీళ్ళు చల్లితే అది ఒళ్ళు దులపాలి. దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు. మా చిన్నోడు, గడ్డిపోచ తగిలినా ఎగిరి దూకేవాడు, ఆ రోజు రాయిలా నిలబడ్డాడు. అత్త చల్లింది, బావ చల్లాడు, అక్క చల్లింది. ఈక కూడా కదల్లేదు. కోసేటాయనకు విసుగొచ్చింది. "ఇంట్ల ఎవరికో మనసుల ఉన్నది. ఎవరో జల్ది ఒప్పుకోండ్రి, ఎనుక లైనున్నది" అన్నాడు. మా వాళ్ళంతా ఒక్కసారే నా వైపు తిరిగారు. అన్ని కళ్ళ ముందు చెంబు నా చేతికొచ్చింది. "నా పుంజే తల్లీ. నా మనసొప్పలే. అయినా తీస్కో" అన్నాను, కాసిన్ని నీళ్ళు పోశాను. చిన్నోడు మెడ నుంచి తోక దాకా ఒక్కసారి దులిపాడు. చుట్టాలు హమ్మయ్య అన్నారు. అత్త మాత్రం, "సూసిండ్రా, లోపల పెట్టుకున్నది గీ పిల్లనే" అని అందరికీ వినపడేలా అంది.

చెట్ల కింద వంట చేశారు. మొక్కు కూర వద్దనకూడదు గనక నా విస్తట్లోనూ వేశారు. తిన్నాను. చాలా రుచిగా ఉంది. మంచి మక్క గింజలు ఏరి ఏరి పెట్టాను కదా, ఉండదా మరి! అలా రుచిగా ఉన్నందుకే నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. "ముక్క మెత్తగున్నదా, గట్టిగున్నదా?" అని అడిగాడు. మెత్తగానే ఉందన్నాను. "మరెందుకట్ల మాట్లాడుతున్నవ్? కోడే గదనే, ఇంకోటి సాదు" అన్నాడు. ఆ కోడే నువ్వని నేను చెప్పలేదు. చెబితే గదిలో వాళ్ళందరికీ వినిపించి నవ్వుతాడు.

ఇంట్లో పుంజుల కొట్లాట ఆగింది. గంపలు అటక మీదికెక్కాయి. ఒంటికన్ను పెద్దోడు వేళాపాళా లేకుండా కూస్తూ వాకిట్లో దొరలా తిరిగేవాడు. మొక్కుకు పనికిరాడు, మొక్కిన కోడి గనక కూరకూ పనికిరాడు. ఇక నాకూ అక్కకూ మధ్య మాటలు ఉప్పు, కారం దగ్గరే ఆగిపోయాయి. ఇప్పటికీ అంతే. ఆమె ఆ రోజు ఒక్క మాట నా తరఫున అని ఉంటే, అత్త వినకపోయినా, నాకు చాలేది.

చిన్నోడు పోయినా మా ఆయనకు ఏమీ కాలేదు. మరుసటేడు నిక్షేపంగా వచ్చాడు, కాస్త పొట్ట కూడా వచ్చింది. ఆయన మొక్కు కోసం గుడికి పోతూ దారిలో ఆటో ఆపి, కోళ్ళ దుకాణంలో ఓ పుంజును కొన్నారు. అది నీళ్ళు పడగానే దులిపేసింది. తల్లికి ఏ కోడైనా ఒకటేనని అప్పుడు తెలిసింది. నేను రెండేళ్ళు గంపలు మార్చింది ఎవరి కోసమో మాత్రం తెలియలేదు.

సెలవైపోయి ఆయన మళ్ళీ పోయే రోజు, పెట్టె ఆటోలో ఎక్కిస్తుంటే అత్త అలవాటు ప్రకారం వేములవాడ దిక్కు తిరిగింది. "పోచమ్మ తల్లీ, నా కొడుకు మంచిగ తిరిగొస్తే…"

"పుంజును మాత్రం మొక్కకత్తా" అన్నాను.

"మరేం మొక్కాల్నే?"

"కొబ్బరికాయ. అదైతే ఇంకో కొబ్బరికాయతోని కొట్లాడది."

ఆటోవాడితో సహా అందరూ నవ్వారు. మా ఆయన నవ్వుతూనే చేయి ఊపి వెళ్ళిపోయాడు. ఆటో మలుపు తిరిగాక అత్త నా పక్కకొచ్చి, నా మొహం చూడకుండా, "కొబ్బరికాయనే మొక్కిన తియ్యి" అంది మెల్లగా. పుంజును కోసిన రోజు కంట తడి పెట్టనిదాన్ని, ఆ కొబ్బరికాయ మాటకు వాకిట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటి నన్ను, ఆ పిల్లను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది, అప్పుడెవరూ తీసుకోలేదు గనక.